బోర్డు మీద 168, పెనం మీద 430

తిరుపతి నుంచి ఒకమ్మ రాసిన ఉత్తరం ఇది. గుర్తుపట్టే వివరాలు వద్దన్నారు, తీసేశాం.

అలిపిరి దారిలో ఈ దంపతులకు ఒక టిఫిన్ హోటల్ ఉంది. ఇరవై రెండేళ్ల నుంచి నడుస్తోంది. ఒకటే కొట్టు, ఇద్దరు మాస్టర్లు. వచ్చేవాళ్లలో సగం మంది కొండకు పోయే, దిగే యాత్రికులు. మిగతా సగం రోజూ కనిపించే మొహాలు. నెయ్యి కారం దోసెకు పేరున్న చోటు. పెద్దబ్బాయి బెంగళూరులో ఉద్యోగం వదిలేసి వచ్చి, ఏడాదిగా గల్లాలో కూర్చుంటున్నాడు. మొన్నీమధ్య ధరల బోర్డు మీద ప్రతి ఐటెం పక్కన కేలరీలు రాశాడు: ఇడ్లీ 39, పూరీ 101, కారం దోసె 168. ఫోన్లో ఏదో యాప్ చూసి రాసిన అంకెలు. పది రోజుల్లో కారం దోసె అమ్మకం పడిపోయిందని తండ్రి అంటాడు. రోజూ వచ్చే ఒక షుగర్ పేషెంటు, బోర్డు చూసి దోసె మానేసి నాలుగిడ్లీ తినడం మొదలుపెట్టి, "ఏమప్పా, మీ లెక్క నమ్మితే షుగర్ ఇంకా పెరిగింది" అని నలుగురిలో నిలదీశాడట. ఆ సాయంత్రమే తండ్రి తడిగుడ్డ తెచ్చి అంకెలన్నీ తుడిచేశాడు. "తినబోయేవాడికి లెక్క చెప్పేది హోటలా, వడ్డీ కొట్టా?" అన్నాడు. అది చట్టమనీ, రాయకపోతే ఫైన్ వేస్తారనీ కొడుకు వాదన. ఇద్దరికీ మాటల్లేక పందొమ్మిది రోజులైంది. "మినప్పప్పు బస్తా అయిపోయిందని వాడికి చెప్పు", "ఆయన్నే తెచ్చుకోమను" అంటూ మధ్యలో ఈమె తిరుగుతోంది. బోర్డు పెట్టాలని నిజంగా చట్టం ఉందా, పెడితే జనానికి మేలు జరుగుతుందా, నేనెవరి పక్షాన నిలబడాలి అని అడిగారు. ఉత్తరం మడిచేముందు రాసినట్టు చివర్లో ఒక ముక్క ఉంది: "మా చిన్నది ఇంటర్ రెండో సంవత్సరం. అన్న బోర్డు రాసినప్పటి నుంచి ఒకటిన్నర ఇడ్లీ తిని లేస్తోంది. పరీక్షల టెన్షన్ అనుకుంటున్నా."

అమ్మా, మీరు అడిగినవి మూడు. అడగకుండా రాసిన ఆ చివరి ముక్క దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావాటికి నెల ఆలస్యమైనా నష్టం లేదు.

పరీక్షల టెన్షనే కావచ్చు. కానీ అది మొదలైన రోజు మీరే చెప్పారు, బోర్డు రాసిన రోజు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 16 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లకు రోజుకు 2,500 కేలరీలు కావాలి. కూర్చుని పని చేసుకునే, 55 కిలోల పెద్ద వయసు ఆడమనిషికి 1,660 చాలు. అంటే మీకంటే ఆ పిల్లే ఎక్కువ తినాల్సిన వయసు. మీ హోటల్ ఇడ్లీ ఒక్కటి 72 కేలరీల దాకా ఉంటుంది (39 ఎందుకు కాదో కింద చెబుతాను). ఒకటిన్నరంటే పొద్దుటిపూట నూట పది కూడా కాదు.

కొన్నిటిని గమనించండి, పిల్లను ప్రశ్నలతో గుచ్చకుండా. నెలసరి తప్పుతోందా. రోజుకు రెండుమూడుసార్లు బరువు చూసుకుంటోందా. అందరితో కలిసి తినడానికి వంకలు చెబుతోందా. తిన్న వెంటనే బాత్రూముకు వెళ్లి తలుపేసుకుంటోందా. కళ్లు తిరుగుతున్నాయంటోందా, బట్టలు వదులయ్యాయా. వీటిలో ఏ రెండు కనిపించినా, లేదా బరువు తగ్గుతున్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. "పిచ్చి డాక్టరు దగ్గరికా" అని మీ ఇంట్లో ఎవరైనా అంటే పట్టించుకోకండి, తిండి మీద భయం కూడా ఆ వైద్యులు చూసే జబ్బే. వెళ్లేముందు ఒకసారి మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లో "ఇంకో రెండు తిను, ఎన్ని తిన్నావు" అని లెక్క పెట్టడం మాత్రం ఆపండి. ఆమె తలలో ఇప్పటికే నడుస్తున్న లెక్కకు అది తోడవుతుంది. పెట్టి, పక్కన కూర్చుని మీరూ తినండి.

ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు. 2022 ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లో 250 మంది, అంతకంటే ఎక్కువ పనివాళ్లున్న హోటళ్లన్నీ కేలరీలు రాయాలని రూలు వచ్చినప్పుడు, తిండి విషయంలో మానసికంగా నలిగేవాళ్ల తరఫున గట్టి అభ్యంతరం లేచింది. అందుకే అక్కడ కస్టమర్ అడిగితే అంకెలు లేని మెనూ ఇవ్వడానికి ఆ రూల్లోనే వీలుంచారు. అంకె కొందరికి సమాచారం, కొందరికి కొరడా.

ఇక చట్టం. మీవాడు చెప్పింది సగం నిజం. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్, డిస్‌ప్లే నిబంధనల ప్రకారం సెంట్రల్ లైసెన్స్ (రాష్ట్రం కాకుండా ఆ కేంద్ర సంస్థే ఇచ్చేది) ఉన్న హోటళ్లు, లేదా 10, అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్లు మెనూలో ప్రతి ఐటెం పక్కన ఒక వడ్డనకు ఎన్ని కిలోకేలరీలో, ఆ వడ్డన ఎంతో రాయాలి. (మనం మాటల్లో కేలరీ అనేదే ఈ కిలోకేలరీ.) 2022 జూలై 1 నుంచి అమలు. మీకున్నది ఒకటే కొట్టు. సెంట్రల్ లైసెన్స్ లేకపోతే ఈ రూలు మిమ్మల్ని ముట్టుకోదు. గోడకు తగిలించిన లైసెన్సు కాగితం మీద ఏ రకమో ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

మరి మీ ఆయన మాటే గెలిచిందా అంటే, పూర్తిగా కాదు. రాయకపోతే తప్పు లేదు కానీ తప్పు రాస్తే తప్పే. 2006 ఆహార భద్రతా చట్టం 53వ సెక్షన్ తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. మీ చాక్‌పీస్ బోర్డు మీద ఎవరో దాన్ని ప్రయోగిస్తారని భయపెట్టడం లేదు. కానీ తనంతట తానుగా అంకె రాసినవాడు దానికి జవాబు చెప్పాల్సిందే. ఆ షుగర్ మనిషి అడిగింది అదే కదా.

ఆయన్ను ముంచింది ఎక్కడో చూద్దాం. బోర్డు మీద "ఇడ్లీ 39" అన్నది ఒక్క చిన్న ఇడ్లీకి. పక్కన "కారం దోసె 168" అన్నది నిజానికి ఒక్క సాదా దోసెకు. ఆయన తింటున్నది నాలుగు పెద్ద ఇడ్లీలు. అంకె రాసి, అది ఎంతకో రాయకపోతే వచ్చే మోసం ఇది. రూల్లో వడ్డన పరిమాణం కూడా రాయాలన్నది ఊరకే కాదు. ఇంకోటి, కేలరీకీ షుగర్‌కీ నేరుగా లంకె లేదు. మీ నాలుగిడ్లీ 290 కేలరీలు, నెయ్యి కారం దోసె 430. అంకె చూస్తే ఇడ్లీయే మేలనిపిస్తుంది. పిండిపదార్థం చూస్తే దోసెలో 40 గ్రాముల దరిదాపు, నాలుగిడ్లీలో 60 దగ్గర. దోసెలో పెరిగిన కేలరీలు చాలావరకు నెయ్యివే, నెయ్యి షుగర్‌ను వెంటనే ఎక్కించదు. అందుకని ఆయన రోజూ నెయ్యి దోసె తినాలని కాదు, రెండిడ్లీ, ఒక వడ, సాంబారు ఎక్కువ పోసుకోవడం నాలుగిడ్లీ కంటే నయం. అది బోర్డు చెప్పదు, సర్వర్ చెప్పగలడు.

సరే, 430 ఎలా వచ్చింది? మీవాడికి ఇది చదివి వినిపించండి, మీ ఆయన కూడా వినేంత గట్టిగా.

నాలుగు కిలోల బియ్యానికి కిలో మినప్పప్పు అనుకుందాం. మన దేశపు ఆహార పట్టికల్లో బియ్యం 100 గ్రాములకు 356, మినప్పప్పు 324 కేలరీలు. మొత్తం 17,480. రుబ్బాక టబ్బుతో సహా తూచి టబ్బు బరువు తీసేస్తే పిండి సుమారు 12 కిలోలు తూగిందనుకోండి, 100 గ్రాముల పిండికి 146. మాస్టర్ గరిటెడు పిండి 120 గ్రాములైతే 175. నెయ్యి 22 గ్రాములు, గ్రాముకు 9 చొప్పున 198. ఎర్రకారంలోని నూనె, వెల్లుల్లి, ఉల్లి కలిపి 20. పైన చల్లే పప్పుల పొడి 10 గ్రాములు, 37. కలిపితే 430. యాప్ చెప్పిన 168 సాదా దోసెది, అదీ గరిటె చిన్నదైతే. పక్కన పోసే శనగవిత్తుల చట్నీ 60 గ్రాములకు ఇంకో 110 వేసుకోండి. రెండోసారి అడిగితే మళ్లీ 110. బల్ల మీద ఎవరికి వాళ్లు వేసుకునే ఉచిత సాస్‌లూ ఊరగాయల్లాంటివి లెక్కలో చూపక్కర్లేదంటుంది రూలు. బర్గర్ కొట్లకు సరిపోతుందేమో గానీ చట్నీ కోసమే దోసె తినే మన ఊళ్లో అది పెద్ద చిల్లు.

ఈ లెక్క ఎక్కడెక్కడ తప్పుతుందో కూడా చెప్పాలి. పొంగిన పిండిలో గాలి ఉంటుంది. పొద్దున మొదటి గరిటె తక్కువ తూగుతుంది, తిప్పీ తిప్పీ గాలి పోయాక అదే గరిటె ఎక్కువ తూగుతుంది. కాబట్టి ఒక గరిటె తూచి రాయొద్దు. ఆరు గంటలకు ఐదు, తొమ్మిదికి ఐదు తూచి సగటు తీయండి. పిండి గట్టిపడిందని మాస్టర్ మధ్యలో చెంబుడు నీళ్లు పోస్తాడు, అప్పుడు 146 అబద్ధమవుతుంది. కాలిన దోసెను తూచి పచ్చిపిండి అంకెతో గుణించడం అందరూ చేసే పొరపాటు: పెనం మీద ఆవిరయ్యేది నీళ్లే, కేలరీలు కావు.

నెయ్యి సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. "ఒక స్పూనే వేస్తాను" అని ఏ మాస్టరైనా ప్రమాణం చేసి చెబుతాడు. స్పూను చూడకండి, డబ్బా చూడండి. దోసెల నెయ్యి వేరే డబ్బాలో పెట్టి, పొద్దున తూచి, మూసేటప్పుడు తూచి, తేడాను దోసెల సంఖ్యతో భాగించండి. 200 దోసెలకు 4.4 కిలోలు పోతే ఒక్కోదానికి 22 గ్రాములు, అంతే. అదే డబ్బాలోంచి పొంగలికి పోపు వేస్తే లెక్క పాడవుతుంది, అందుకే వేరే డబ్బా అన్నాను. పూరీ నూనె కూడా ఇంతే. బాణలిలో పోసినది, మధ్యలో చేర్చినది రాసి పెట్టుకుని, మిగిలినది మర్నాడు చల్లారాక తూచండి. కాగే నూనెను కాటా దగ్గరికి మోయొద్దు. 110 పూరీలకు 1.1 కిలోలు తగ్గితే పూరీకి 10 గ్రాములు, నూనెవే 90 కేలరీలు. పిండివి ఇంకో 80. మీవాడు రాసిన 101 ఎటు పోయిందో చూశారా.

ఇంత చేసి సరైన అంకెలు రాస్తే జనం తక్కువ తింటారా? ఇక్కడ మీ ఆయన అనుమానానికి బలముంది, కానీ ఆయన చెప్పే కారణానికి లేదు. న్యూయార్క్ నగరం 2008లోనే పెద్ద హోటళ్ల చేత కేలరీలు రాయించింది, 2018 మే నుంచి అమెరికా అంతటా 20, అంతకంటే ఎక్కువ శాఖలున్న హోటళ్లు రాస్తున్నాయి. ఇన్నేళ్ల పరిశోధనలను ఒకచోట చేర్చి చూసే కాక్రేన్ సంస్థ 2018లో, 600 కేలరీల భోజనంలో 47 దాకా తగ్గుతాయంది, అదీ ఆధారాలు బలహీనమంటూనే. 2025లో ఇంకా ఎక్కువ అధ్యయనాలతో మళ్లీ లెక్క వేస్తే ఆ తగ్గుదల 11 కేలరీలకు వచ్చింది. ఇంగ్లండ్‌లో రూలు రాకముందు, వచ్చాక హోటళ్ల బయట నిలబడి అడిగి చూస్తే కొన్నదాంట్లో, తిన్నదాంట్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. రూలు వచ్చాక కూడా ఆ అంకెలను గమనించామన్నవాళ్లు ముగ్గురిలో ఒకరి లోపే.

అందుకే మీ అమ్మకం నిజంగా బోర్డు వల్లే పడిందా అన్నది నాకు అనుమానం. తిరుపతిలో పది రోజుల అమ్మకాన్ని వెనకటి పది రోజులతో పోల్చడం కుదరదు. శనివారాలు ఎన్ని పడ్డాయి, కొండ మీద రద్దీ ఎంత, తమిళుల పెరటాసి నెల నడుస్తోందా, ఇవన్నీ మీ గల్లాను ఆడిస్తాయి. 3,550 మెట్లు ఎక్కి దిగినవాడు బోర్డు మీది అంకె చూసి దోసె మానుకోడు, అతనికి ఆ పూట 430 కూడా చాలదు. చూడాల్సింది మొత్తం కాదు, వంతు: అమ్మిన ప్రతి వంద టిఫిన్లలో కారం దోసెలెన్ని. బిల్లు మెషిన్ ఉంటే మీవాడు అరగంటలో తీస్తాడు. ఆ వంతు కూడా తగ్గి ఉంటే, తప్పు 39కీ 168కీ పోటీ పెట్టిన బోర్డుది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. బోర్డు జోలికే వెళ్లకుండా వదిలేయడం ఒకటి. చట్టరీత్యా నష్టం లేదు, ఇంట్లో మాత్రం కొడుకు ఓడిపోయినట్టు మిగిలిపోతాడు, రేపు ఇంకేదైనా కొత్తది చెప్పడానికి నోరు తెరవడు. అన్ని ఐటెంలకూ అంకెలు రాయడం ఇంకొకటి. కొలత గరిటెలు కొనాలి, ఇద్దరు మాస్టర్లూ ఒకేలా పోయాలి, బియ్యం రకమో నూనె బ్రాండో కాదు గానీ పాళ్లు మారిన ప్రతిసారీ లెక్క మార్చాలి. రాసిన అంకెల పక్కన ఆ 2,000 వాక్యం, అంటే చురుగ్గా ఉండే పెద్దవాళ్లకు సగటున రోజుకు 2,000 కిలోకేలరీలు కావాలి, అవసరం మనిషిని బట్టి మారవచ్చు అన్నది, పెద్ద హోటళ్లు రాసినట్టే రాయడం మర్యాద. ఒక కొట్టుకు ఇది బరువైన పనే. వద్దని అనను, ఆరు నెలలు నిలబడతారా అన్నది మీరే ఆలోచించుకోవాలి.

మధ్యలో ఒక దారుంది. బాగా అమ్ముడయ్యే ఐదు ఐటెంలకు మాత్రం లెక్క వేసి, పదులకు సరిచేసి, "4 ఇడ్లీ (200 గ్రా. పిండి): 290, చట్నీ కాకుండా" అన్నట్టు కాగితం మీద రాసి గల్లా దగ్గర పెట్టుకోవడం. పిండిపదార్థం గ్రాములు కూడా రాస్తే షుగర్ ఉన్నవాళ్లకు పనికొస్తుంది. అడిగినవాళ్లకే చూపించండి. అడగనివాళ్ల కళ్లలో పడదు, మీ అమ్మాయి కళ్లలో కూడా. దీనికున్న ఇబ్బంది ఒకటే, అడిగేవాళ్లు తక్కువ, మీవాడికి కష్టానికి తగ్గ ఫలితం కనబడదు.

నన్నడిగితే అంతకుముందు చేయాల్సింది వేరే ఉంది, బోర్డు లేకుండానే. 22 గ్రాముల నెయ్యిని 15కు తెండి. దోసెకు 63 కేలరీలు తగ్గుతాయి. బోర్డు చూసి జనం తగ్గించుకునేది 11 అన్నారు కదా, పోల్చుకోండి. 200 దోసెల మీద రోజుకు 1.4 కిలోల నెయ్యి మిగులుతుంది, దాని ధర మీ ఆయనకు నోటికే తెలుసు. ఒక్కరోజులో తగ్గిస్తే పాత కస్టమర్లు పట్టేస్తారు. రెండు వారాలకోసారి రెండుమూడు గ్రాముల చొప్పున దిగండి. పెనం మీద చుట్టూ పోసేది తగ్గించి, మడిచాక పైన వేసేది మాత్రం అలాగే ఉంచండి. వాసన వచ్చేది పైనున్న నెయ్యి నుంచే, అంచుల కింద మాడేది ఎవరికీ తెలియదు. తగ్గించిన నెయ్యికి బదులు డాల్డా కలపడం లాంటివి మాత్రం వద్దు, ఈ ఉత్తరం ఇంకో రకంగా రాయాల్సి వస్తుంది. మెనూలో "నెయ్యి తక్కువ" అన్న మాట ఒకటి చేర్చి, సర్వర్ అడిగేలా చేస్తే అంకె అవసరం లేకుండానే కావలసినవాడు ఎంచుకుంటాడు.

ఎవరి పక్షాన నిలబడాలన్నారు. మీ ఆయనకు కోపం కేలరీల మీద కాదు, ఇరవై రెండేళ్ల చేతిని ఒక ఫోను తప్పు పట్టిందని. మీవాడి కోపం బోర్డు తుడిచినందుకు కాదు, అడక్కుండా తుడిచినందుకు. ఇద్దరిలో ఎవరి దగ్గరా సరైన అంకె లేదు, అది పెనం దగ్గరుంది. కాబట్టి కబుర్లు మోయడం ఈ పూట నుంచి మానేయండి. బస్తా అయిపోతే అయిపోనివ్వండి, ఒకరోజు ఇడ్లీ, దోసె, వడ ఉండవు, అంతే. సోమవారం పొద్దున కొట్టు తీసేముందు కాటా బయటపెట్టి నెయ్యి తూచాలని ఇద్దరికీ విడివిడిగా చెప్పండి. తూకం ఆయన చూడాలి, అంకె వీడు రాయాలి. 15 కిలోల డబ్బా ఒంచకుండా ఎత్తి కాటా మీద పెట్టడానికి ఎలాగూ ఇద్దరు కావాలి.

ఆ రాసుకునే పుస్తకం మాత్రం హోటల్లోనే ఉండనివ్వండి. లెక్కలు కూడడానికి చెల్లెల్ని పిలవొద్దని మీవాడికి ముందే చెప్పండి.